అల్లుడి జట్టుకు బగారా

"అల్లుడు ఎదురుంగ నిలవడ్డంక భూపాల్ గెలుస్తడా? బిడ్డ మొకం జూసి గోల్‌పోస్టుకు తలుపులు బార్ల తీసి పెడ్తడు, సూడుండ్రి" అని పక్కింటి హన్మవ్వ పాలకేంద్రం దగ్గర అన్నదట. ఆ మాట పాలతోపాటే ఇంటికి వచ్చింది. సుభద్రమ్మ దాన్ని టీతో కలిపి మొగుడికి అందించింది.

భూపాల్ కామారెడ్డి ఫుట్‌బాల్ క్లబ్బుకు కోచ్. అల్లుడు నవీన్ ఎల్లారెడ్డి క్లబ్బుకు కోచ్. ఇద్దరికీ అదే నౌకరి, అదే బతుకు. ఆ మధ్యాహ్నం రెండు జట్లకూ కామారెడ్డిలో మ్యాచ్. వరసగా ఓడుతున్న నవీన్‌కు ఎల్లారెడ్డి క్లబ్బు అధ్యక్షుడు బాలనర్సయ్య ముందే చెప్పేశాడు. ఇంకొక్కటి ఓడితే నౌకరి ఊడినట్టే.

ఆ సంగతి భూపాల్‌కు కంట్లో నలుసులా ఉంది. నవీన్‌కు చిన్నప్పటి నుంచి ఆట నేర్పింది తనే. "అరె నవీన్‌గా" అని తిట్టనిదే ఏనాడూ ప్రాక్టీసు ముగించలేదు. కూతురు మానసనిచ్చి పెళ్లి చేసిన రోజు నుంచి ఆ నోటికి తాళం పడింది. కాళ్లు కడిగిన అల్లుణ్ణి ఎవరైనా తిడతారా? ఇప్పుడు ఇద్దరి మధ్యా "మంచిగున్నరా", "తిన్నరా" తప్ప మూడో మాట లేదు.

"సూడు, మ్యాచ్ అయ్యేదాంక ఆయన నాకు అల్లుడు గాదు. ఇంటికి పిలిస్తివో, నేను ఊకోను" అన్నాడు భూపాల్.

"పిలువ" అంది సుభద్రమ్మ.

కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆమె ఒక్క మాటకు ఒప్పుకున్నది లేదు. భూపాల్ అప్పుడే అనుమానపడాల్సింది. బూట్లు తొడుక్కుని గ్రౌండుకు వెళ్లిపోయాడు.

ఎల్లారెడ్డి బస్సు ఆలస్యంగా వచ్చింది. ఆటగాళ్లు నెలలు నిండిన ఆడవాళ్లలా కడ్డీ పట్టుకుని ఒక్కొక్కరే దిగారు. వెనకే ఒక ఆటో. అందులో రెండు పెద్ద వంట గంజుల మధ్య సుభద్రమ్మ, గరిటె పట్టుకుని హన్మవ్వ.

"ఏందే ఇది?"

"ఇంటికి పిలువొద్దంటివి, పిలువలే. ఊరవతల బస్సు ఆపి ఆడనే తినవెట్టిన. అల్లుడు మనూరికొచ్చి ఉత్త కడుపుతోని పోతే నలుగురు నవ్వరా? ఆయనెంబడి వచ్చినోళ్లు గూడ చుట్టాలే గద. యాటపోతును కోయించిన."

"మరి హన్మవ్వ ఎందుకు?"

"వడ్డిచ్చెటందుకు మనిషి వద్దా?"

బాలనర్సయ్య రొప్పుతూ వచ్చాడు. "భూపాలన్నా, ఓడగొడ్తే కాళ్లతోని ఓడగొట్టాలె. గిట్ల యాటకూరతోనా?"

"వద్దన్నకొద్దీ అత్తమ్మ ఇంకో గరిటె ఏసింది సార్" అన్నాడు నవీన్, తల వంచుకుని.

భూపాల్‌కు న్యాయం ఒకే దిక్కున కనిపించింది. "ఇంకేమన్న మిగిలిందా?" అని పెళ్లాన్ని అడిగాడు.

"అల్లునికి వండినంక మిగులకుంట ఉంటదా?"

కామారెడ్డి జట్టు కూడా బంతికి కూర్చుంది. బగారా అన్నం వాసన పట్టుకుని ఆ క్లబ్బు అధ్యక్షుడు రాజయ్య ఉరికొచ్చాడు. "ఊరంత అంటుంటే నేను నమ్మకపోతిని. అల్లుని కోసం సొంత పిలగాండ్లను పండవెడ్తివి గదా భూపాలూ."

"నేను పొద్దుగాలనే చెప్పలేదా" అంది హన్మవ్వ, రాజయ్య చేతికి అన్నం వడ్డించిన ఇస్తరి ఒకటి ఇస్తూ.

ఆట మొదలైంది. బంతి దగ్గర మర్యాదలు నడిచాయి, నువ్వు పో అంటే నువ్వు పో అని. గోల్‌కీపరొకడు స్తంభానికి ఆనుకుని కునుకు తీశాడు. గ్రౌండంతా పరుగెత్తింది రెఫరీ ఒక్కడే. ఆయనకు ఎవరూ పెట్టలేదు.

ముగింపు దగ్గరపడ్డాక కామారెడ్డి మల్లేష్ కాలికి బంతి దొరికింది. ఆయాసపడుతూనే ఎల్లారెడ్డి గోలు వైపు బయల్దేరాడు. అడ్డం పడాల్సిన వాళ్లందరూ ముందుకొచ్చి నిలబడ్డారు. వెనక ఒక్కడూ లేడు. భూపాల్ సంతోషించాల్సిన ఘడియ. కానీ ఆయన కళ్లకు గోలు కనిపించలేదు, తను నేర్పిన పాఠం మరిచిన పిల్లవాడు కనిపించాడు.

"అరె నవీన్‌గా, ఎనుక ఎవడున్నడ్రా? నెత్తి ఇంట్ల పెట్టొచ్చినవా?"

గ్రౌండంతా భూపాల్ వైపు తిరిగింది. ఆ గొంతుకు అలవాటుపడ్డ నవీన్ చెవులు మాత్రం ఠక్కున లేచాయి. ఒక్క కేక వేశాడు. కడుపు పట్టుకున్న కుర్రాడొకడు వెనక్కి ఉరికి బంతికి అడ్డంగా పడ్డాడు, అక్కడే పండుకున్నాడు. విజిల్ మోగింది. ఇరువైపులా సున్నా.

"నీకు జీతమిచ్చేది ఏ క్లబ్బు భూపాలూ?" అని రాజయ్య అరుస్తున్నాడు. భూపాల్‌కు అది వినిపించలేదు. నలుగురిలో అల్లుణ్ణి తిట్టిన నోటిని తిట్టుకుంటూ చేతులు జోడించి నవీన్ దగ్గరికి వెళ్లాడు.

"నోరు జారింది. మనసుల పెట్టుకోకుండ్రి."

నవీన్ కళ్లు నిండాయి. "పెండ్లయినంక మీరు తిట్టుడు బంద్ జేసిన్రు సార్. అప్పటిసంది నా జట్టు గెలుస్తలేదు. తప్పు ఏడున్నదో చెప్పెటోళ్లు లేరు."

"ఏడున్నదా? నీ ఎడమ బాజు మొత్తం తప్పేరా" అన్నాడు భూపాల్. అని, అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. తియ్యలేదు.

బాలనర్సయ్య గొంతు సవరించుకున్నాడు. "ఓడలే గాబట్టి నౌకరి ఉంటది. గని వారానికొక్కపారి మామతోని తిట్టిచ్చుకొని రావాలె."

రాజయ్య ఎవరిని అడగాలో తెలియక సుభద్రమ్మ వైపు తిరిగాడు. "వదినా, నువ్వన్న జెప్పు. అసలు మీ ఇల్లు ఏ జట్టు దిక్కు?"

సుభద్రమ్మ ఖాళీ గంజును వంచి లోపలికి చూసింది. "రెండు జట్లు తిన్నయి. గంజులు తోమేది ఏ జట్టు?"