గున్‌హిల్డ్ అనే పేరుకు అర్థం

మనిషిని తెలుసుకోవడం శుద్ధ దండగ. పేరుకు అర్థం తెలుసుకుంటే చాలు!

నవ్వకండి. ఈమధ్య మా రాయ్‌ట్లింగెన్ ఊళ్ళో ఎవరిని కదిపినా ఫోన్ తీసి, మీ పేరుకు మూలం పాత జర్మన్‌లో ఫలానా మాట, అర్థం ఫలానా అని వినిపిస్తున్నారు. పెళ్ళి విందులో వినిపిస్తున్నారు. రైల్లో వినిపిస్తున్నారు. చివరికి అంత్యక్రియల తర్వాత కాఫీ దగ్గర కూడా, పోయినాయన పేరును రెండు ముక్కలు చేసి చూపిస్తున్నారు. చాలామందికి ఇదొక న్యూసెన్స్. ఇది మన కాలానికి దొరికిన వరమని నేను రుజువు చేయదలచుకున్నాను.

మనసు గురించి నాలుగు పుస్తకాలు చదివినవాణ్ణి కనుక చెబుతున్నాను. కొత్త మనిషి ఎదురైతే లోపల ఒక భయం లేస్తుంది. ఇప్పుడీయన్ని ఏమడగాలి? ఈయన నన్నేమడుగుతాడు? ఆ క్షణాన పేరుకు అర్థం చెప్పడం మొదలుపెట్టండి. భయం మాయం! పది నిమిషాలకు ఆ మనిషి కూడా మాయం. ఏ డాక్టరైనా ఇంతకంటే ఏం చేయగలడు?

పైగా మా పేర్లలో ఎంత వైభవమో! మా పూర్వులు ఉయ్యాల్లో బిడ్డను చూసి పువ్వనీ, వెన్నెలనీ అనుకోలేదు. గెర్ట్రూడ్ అంటే బల్లెపు బలం. ఆ పేరుగల మా మేనత్త కోడిపెట్ట కనిపిస్తే కుర్చీ ఎక్కేది. లోథార్ అంటే పేరుమోసిన సైన్యం. మా పెదనాన్న కొడుకు లోథార్‌ని, పాదాలు చదునుగా ఉన్నాయని సైన్యమే ఇంటికి పంపేసింది. వోల్ఫ్‌గాంగ్ అంటే తోడేలు నడక. మా పళ్ళ డాక్టరు పేరు అదే. అర్థం తెలిసిన దగ్గర్నుంచి నేను నోరు మరింత మర్యాదగా తెరుస్తున్నాను.

మా కింది అంతస్తులోని కుర్ర దంపతులు పుట్టబోయే బిడ్డ కోసం మూడు యాప్‌లు పెట్టుకుని, రెండువందల పద్నాలుగు పేర్లు కొట్టేశారు. ఒకదానిలో బల్లెం ఉందట, ఇంకోదానిలో శిరస్త్రాణం ఉందట. ఆఖరికి మిలో దగ్గర ఆగారు. ఆ పేరు అర్థం మీద పండితులకే ఏకాభిప్రాయం లేదట. అందుకే నచ్చిందట!

అర్థం చేతిలో ఉన్నాక మనిషితో పనేముంది? కావాలంటే మా ఎదురు వాటా హేబెర్లె గారి సంగతి వినండి.

ఇరవై రెండేళ్ళుగా మా తలుపులు ఎదురెదురు. మెట్లు తుడిచే వంతు వారం ఆవిడది, వారం నాది. వంతు ఎవరిదైతే వాళ్ళ గుమ్మానికి ఒక చెక్క పలక వేలాడుతుంది. ఆదివారం సాయంత్రం ఆవిడ ఆ పలకను నా గుమ్మానికి తగిలిస్తారు, మళ్ళీ ఆదివారం నేను ఆవిడ గుమ్మానికి తగిలిస్తాను. తలుపు గంటల మీద ఇంటిపేర్లే ఉంటాయి. ఆవిడ నాకు హేబెర్లె గారు, నేను ఆవిడకు ఫెట్సర్ గారిని.

ఇంటిపేరు నుంచి సొంత పేరుకూ, మీరు నుంచి నువ్వుకూ రావడం మా దగ్గర ఆషామాషీ వ్యవహారం కాదు. ఒకరు నోరు తెరిచి అడగాలి, రెండోవారు ఒప్పుకోవాలి. అడిగే హక్కు ఆడవారిది. నేను మర్యాద తెలిసినవాణ్ణి. మా అక్క పోయాక నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి లేదు. ఈవిడ పిలిస్తే బాగుండునని అప్పుడప్పుడూ అనిపించేది. అయినా ఆవిడ అడిగేదాకా ఆగాను. ఇరవై రెండేళ్ళు ఒక లెక్కా?

పోయిన మార్చిలో ఆవిడ ఇంట్లో లేనప్పుడు పార్శిల్ వస్తే నేను తీసుకున్నాను. దాని మీద నిండు పేరు ఉంది. గున్‌హిల్డ్ హేబెర్లె. పార్శిల్‌ని బల్ల మీద పెట్టుకుని పేర్ల అర్థాల పుస్తకం తీశాను. మొదటి ముక్కకు అర్థం యుద్ధం. రెండో ముక్కకు అర్థం కూడా యుద్ధమే! మెట్ల మీద సాలీడు కనిపిస్తే గ్లాసు బోర్లించి, కింద పోస్ట్‌కార్డు దోపి, కిటికీలోంచి క్షేమంగా వదిలిపెట్టే మనిషి పేరులో రెండు యుద్ధాలు. సాయంత్రం ఆవిడ రాగానే, మీ పార్శిల్ అండీ హేబెర్లె గారూ అని ఇచ్చాను. మరేమంటాను?

తర్వాత నెలల తరబడి ఆ పేరు చరిత్ర చదివాను. ఏయే దేశాల్లో పెట్టుకున్నారో, ఎప్పుడు మరుగున పడిందో అంతా తెలుసు. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయనీ, మూడో అంతస్తు ఎక్కలేక ఇల్లు మారుతున్నారనీ మాత్రం, శనివారం సామాను దించుతాం, మెట్లకు అడ్డమైతే మన్నించండి అని గోడకు అంటించిన కాగితం చూసి ఆరా తీశాకే తెలిసింది.

ఆ శనివారం ఆవిడ చెక్క పలక పట్టుకుని నా తలుపు తట్టారు.

“కొత్తవాళ్ళు వచ్చేదాకా ప్రతి వారమూ మీదే వంతు,” అన్నారు. వెంటనే వెళ్ళలేదు. కోటు గుండీలు సర్దుకున్నారు. “మీరు నాకంటే ఐదేళ్ళు పెద్ద. పెద్దవారే ముందు అడగాలి కదండీ. అడుగుతారని చూశాను.”

అవును, ఆ నియమమూ ఉంది! పెద్దవారు అడగాలి, ఆడవారు అడగాలి. ఆవిడ ఒక నియమం పట్టుకుని ఆ తలుపు వెనకా, నేను రెండోది పట్టుకుని ఈ తలుపు వెనకా కూర్చున్నాం.

“ఆడవారు అడగాలేమో అని నేను...” అన్నాను.

“సరే, ఆడమనిషిని కనుక నేనే అడుగుతున్నాను. మీ పేరేమిటి?”

గెర్నోట్ అన్నాను. అక్కడ ఆగితే సరిపోయేది. గెర్ అంటే బల్లెమని చెప్పాను. నోట్ అంటే ఆపద అని కొందరూ, కాదు, బల్లేన్ని ఆడించడమని మరికొందరూ అంటారని చెప్పాను. మాటలు అప్పజెప్పిన పాఠంలా వస్తున్నాయి. ఆ ఊపులో ఆవిడ పేరు కూడా విప్పాను. యుద్ధం, మళ్ళీ యుద్ధం. కింద లారీ దగ్గర్నుంచి ఆవిడ మేనల్లుడు రెండుసార్లు కేకేశాడు.

ఆవిడ చివరిదాకా విన్నారు.

“అర్థం అడగలేదండీ,” అన్నారు మెల్లగా. “పిలుద్దామని అడిగాను.”

చేయి కలిపారు. వస్తాను ఫెట్సర్ గారూ అని, కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగిపోయారు.

చూశారా, ఎంత గట్టి రక్షణో! ఇరవై రెండేళ్ళ ప్రమాదం గుమ్మం దాకా వచ్చి, నన్ను తాకకుండానే వెళ్ళిపోయింది. పేర్ల అర్థాలు వరమని ఇప్పటికైనా ఒప్పుకుంటారా?

తాళాలు అప్పగించడానికి వచ్చిన మేనల్లుడు చెప్పాడు. ఆవిడ ఉల్మ్‌లో, మెట్లు లేని వాటాలో ఉంటున్నారట. నేనిది రాస్తున్న ఈ పత్రికను అక్కడికి కూడా తెప్పించుకుంటున్నారట. కాబట్టి మిగతా పాఠకులు ఒక్క నిమిషం పక్కకు తప్పుకోవాలని మనవి.

గున్‌హిల్డ్, నేను నీకంటే ఐదేళ్ళు పెద్దవాణ్ణి. అడగాల్సింది నేనే. నా పేరు గెర్నోట్. దానికి అర్థమేమీ లేదు.