చుక్కల పెట్ట కడుపులో కాపురాలు

కోళ్లకు కడుపులో పురుగులు పోయే మందు వేసేముందు ఆ పురుగులకు పదిహేను రోజుల నోటీసు ఇవ్వడం తప్పనిసరి కాబట్టి, పశువుల ఆస్పత్రి సహాయకుడు సన్నిబాబు సోమవారం పొద్దున్నే నూకరత్నం పెరట్లోకి వచ్చి, ఏడు కోళ్లనూ వరసగా పట్టించి, ఒక్కోదాని ముక్కు తెరిచి లోపలికి నోటీసు చదివాడు. మంచి గొంతు అతనిది. ఎక్కడా తడబడలేదు.

మిగతా ఆరింటి సంగతి ఎలా ఉన్నా, నూకరత్నం బెంగంతా చుక్కల పెట్ట మీదే. పొదిగే ఓపిక ఉన్నది ఆ పెరట్లో అదొక్కటే. పక్కింటివాళ్ల బాతుగుడ్లు పెట్టినా కాదనకుండా కూర్చునే మనసు దానిది. అలాంటిది, నెల్లాళ్లుగా నూకలు ఎన్ని చల్లినా ఒంటికి పట్టడం లేదు. రొమ్ము ఎముక కొడవలిలా పైకి తేలింది. దాన్ని ఒళ్లో పెట్టుకుంటే ఆవిడకి ఏడుపు ఆగేది కాదు.

"పదిహేన్రోజులంటే ఇది సచ్చిపోద్ది బాబూ."

"పోతే నోటీసు దానంతటదే రద్దయిపోతాది పిన్నమ్మా. మీరేం కంగారు పడకండి."

పద్నాలుగో రోజున పురుగులు అభ్యంతరం పెట్టాయి. విచారణ ఆస్పత్రిలోనే జరిగింది. డాక్టరుగారి బల్ల మీద పెట్టని పడుకోబెట్టి ముక్కు తెరవగానే లోపలినుంచి పెద్దమనిషి గొంతు ఒకటి మర్యాదగా మాట్లాడింది. తాము మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్నామంది. పెట్ట పొద్దున పోతే సాయంత్రానికి గానీ గూటికి చేరదనీ, తాము మాత్రం ఒక్కరోజు కూడా ఇల్లు కదల్లేదనీ చెప్పింది. పైగా నోటీసు చదవకముందే, ఆదివారం సాయంత్రం నుంచీ నీళ్లు ఆపేశారని ఫిర్యాదు చేసింది.

ఆ మాట నిజమే. ముందురోజు సాయంత్రం నుంచి నీళ్లు పెట్టకపోతే, పొద్దున కోళ్లు దాహం మీద మందు కలిపిన నీళ్లు చుక్క మిగల్చకుండా తాగుతాయి. నూకరత్నం తల్లి అలాగే చేసేది. సన్నిబాబు వస్తున్నాడనగానే మందే తెస్తున్నాడనుకుని ఈవిడా నీళ్ల చిప్ప బోర్లించేసింది.

"మాయమ్మ సేసినట్టే సేసేనండి. నాకేటి తెలుసు?"

వేధింపు రుజువైందని డాక్టరుగారు రాసుకున్నారు. పెట్ట ఏమైనా చెప్పుకుంటుందా అని కూడా అడిగారు, ఆయన ధర్మం ఆయన తప్పలేదు. నోటి నిండా వాళ్లే ఉండటంతో పెట్టకి మాట పెగల్లేదు. అదీ రాసుకున్నారు. పురుగులకు ఇంకో కడుపు చూపిస్తేనే మందు వేయాలన్నది తీర్పు.

నూకరత్నం క్షణం కూడా ఆలోచించలేదు. "నా కడుపులో ఉంచీసుకుంటానండి. అది బతికితే సాలు."

డాక్టరుగారంతటి మనిషికే జాలేసింది. సన్నిబాబు బీరువాలోంచి ఆవిడ వీధివాళ్ల పేర్లున్న పుస్తకం తీసి, వేలు పెట్టి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"మీలో ఖాళీ లేదు పిన్నమ్మా."

"లేకపోడవేటి బాబూ? ఎవులున్నారు?"

"పేర్లు చెప్పకూడదు. పెద్దవాళ్లే. మీకు పద్దెనిమిదేళ్లు నిండిన దగ్గర్నుంచీ ఉంటన్నారు."

నూకరత్నానికి కోపం రాలేదు. ఎంత చాకిరీ చేసినా, ఎంత తిన్నా తన ఒంటికి కూడా ఎందుకు పట్టడం లేదో ఇన్నాళ్లకి తెలిసినందుకు ప్రాణం కాస్త తేలికపడింది కూడా.

"మరి నాకు మందెయ్యడానికి ఎవులూ రాలేదేటి?"

"ఎందుకు రాలేదూ? అయిదేళ్లకోసారి నోటీసు చదువుతూనే ఉన్నారు కదా. ప్రతిసారీ అభ్యంతరం మీ నోటినుంచే వస్తంది."

అబద్ధం, నాకూ వెయ్యండి, ముందు దానికి వెయ్యండి అని అరుద్దామని నూకరత్నం నోరు తెరిచింది.

"మేమంతా ఇక్కడ క్షేమంగానే ఉన్నాం," అంది ఆవిడ లోపలినుంచి ఒక నెమ్మదైన గొంతు.

డాక్టరుగారు ఆ మాట కూడా రాసుకుని, ఇద్దరినీ ఇంటికి పంపించేశారు.