పాఠం లేని ప్రశ్నపత్రం

చదవడం ఒకటి, చదివింది అర్థం కావడం ఇంకొకటి, అర్థమైందని పరీక్షలో రుజువు చేసుకోవడం మరొకటి. ఈ మూడూ ఒకే ఇంట్లో కాపురముంటాయన్నది సామాన్యుల భ్రమ మాత్రమేనని చైనాలోని చింగ్‌థాన్ ఇంజనీరింగ్ కాలేజీ ఆంగ్ల విభాగం ఏనాడో తేల్చేసింది. వంతెనలు కట్టబోయేవాళ్లయినా, మురుగు కాలువకు వాలు లెక్కగట్టబోయేవాళ్లయినా సరే, ఆంగ్ల పఠన పరీక్ష గట్టెక్కితేనే పట్టా చేతికొస్తుంది. పట్టా వచ్చాక వాళ్లలో చాలామంది జీవితాంతం ఆంగ్లంలో షాంపూ సీసా తప్ప మరేమీ చదవరు. (సీసా కింద ప్రశ్నలుండవు కాబట్టి అది అందరికీ అర్థమవుతుంది.)

ఆ పరీక్షకు ప్రశ్నలు తయారుచేసే ఉపసంఘానికి క్వాంగ్ షూలిన్ మాస్టారు ఉపాధ్యక్షుడు. ప్రతి ప్రశ్న కిందా ఇచ్చే నాలుగు జవాబుల్లో సరైనది ఎవడైనా రాస్తాడు. తప్పు జవాబు రాయడంలోనే పనితనమంతా ఉంటుందని ఆయన నమ్మకం. తప్పుకు తల దువ్వి, పౌడరు రాసి, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టేవాడు. చూసిన కుర్రాడు మనసు పారేసుకోవాల్సిందే, పరీక్ష తప్పాల్సిందే. ఈ విద్యలో పండిపోయేసరికి ఆయనకు మామూలుగా చదవడం పోయింది. ఏ పుస్తకం తెరిచినా ప్రశ్న ఎక్కడ గుచ్చవచ్చా అని వెతుక్కునేవాడు, చేప వడ్డిస్తే ముళ్లు మాత్రం ఏరుకునే మనిషిలా. ఒకరోజు భార్య ఆయన ఫోనుకు 'బియ్యం అయిపోయాయి' అని సందేశం పంపితే, ఇది సమాచారమా, ఫిర్యాదా, పరోక్షమైన ఆజ్ఞా అని ఆలోచిస్తూ నడిచి ఇంటికొచ్చాడు.

"నువ్వు తేల్చుకునేలోపు నేనే తెచ్చుకున్నాలే," అంది ఆవిడ. "కాళ్లు కడుక్కుని రా, అన్నం తిందాం. ఇది మాత్రం ఆజ్ఞే."

పరీక్షలో ఇచ్చే పాఠాలకు కొన్ని నియమాలుండేవి. పాఠంలో ఎవరూ చావకూడదు, తిట్టుకోకూడదు, విడిపోకూడదు. అందువల్ల ఎక్కువగా తేనెటీగలూ, మంచి నిద్ర వల్ల లాభాలూ, వ్యాయామం చేసే ముసలివాళ్లూ మిగిలేవారు. ఆ ముసలివాళ్లు ఎంత ఆరోగ్యంగా ఉండేవారంటే, వాళ్ల గురించి చదివిన కుర్రాళ్లకు నీరసం వచ్చేది.

ఆ చలికాలం పరీక్షలో ఒక గదికి వెళ్లిన ప్రశ్నపత్రాల్లో పాఠాలు అచ్చు కాలేదు. ప్రశ్నలు మాత్రం ఉన్నాయి. గదిలో కాపలా ఉన్న మేడమ్ గమనించలేదు. కాపలా ఉన్నవారు ప్రశ్నపత్రం వంక చూడరాదన్నది నియమం. పిల్లలంతా తల వంచుకుని చకచకా రాసుకుపోయారు. ఒక్క అమ్మాయి మాత్రం చెయ్యెత్తింది. పేరు మాన్ చియూయే, వంతెనల నిర్మాణం ఆఖరి సంవత్సరం.

"మేడమ్, ఇందులో చదవాల్సింది లేదు."

"లేకపోతే చదవకు."

"అది కాదు మేడమ్, కింది పాఠం చదివి జవాబు రాయమన్నారు. కింద పాఠం లేదు."

"నేను పేపరు చూడకూడదమ్మా. కూర్చో."

"కూర్చోవే తల్లీ," అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. "పాఠం కూడా ఉంటే టైము ఎక్కడ సరిపోతుంది?"

చియూయే కూర్చుంది. చదవనిదాని గురించి ఏం రాయాలో తోచక, తెల్ల కాగితం ఇచ్చి వచ్చేసింది.

ఫలితాలొచ్చాయి. కాలేజీ మొత్తం మీద ఆ గదికే ఎక్కువ మార్కులు. ఆ గదిలో తప్పినది చియూయే ఒక్కతే. పఠన పరీక్షలో చదవడానికి ఏమీ లేదని కనిపెట్టిన ఏకైక విద్యార్థిని పఠనంలో తప్పినట్టు నోటీసు బోర్డులో పెట్టారు.

పాఠాలు అచ్చు కాని సంగతి బయటపడేసరికి పరీక్షల కేంద్రం అధిపతి పాంగ్ దెహ్వా సమావేశం పిలిచాడు. ఆయన ముందు గాజు సీసాలో టీ ఆకులు మెల్లగా కిందికి దిగుతున్నాయి.

"ఏమయ్యా క్వాంగూ, చదివినవాళ్ల కన్నా చదవనివాళ్లకే బాగా అర్థమైందంటున్నావా?"

"పాఠం చూడకుండానే జవాబు పట్టేస్తున్నారండీ. నాలుగు జవాబుల్లో మూడు పొట్టివీ ఒకటి పొడుగూ ఉంటే పొడుగుదే సరైనదని ట్యూషన్లలో చెప్తారు. 'ఎప్పుడూ', 'ఎవరూ' అని ఉంటే తప్పు. మనసుకు హాయిగా ఉంటే ఒప్పు."

"అయితే అది పిల్లల తెలివే కదా. ఇప్పుడు పొరపాటైందని ఒప్పుకుంటే ఆ గది మార్కులన్నీ కొట్టెయ్యాలి. కొట్టేస్తే కాలేజీ పరువు పోతుంది. నువ్వు రాతలో గట్టివాడివి, ఏదో ఒకటి రాయి."

క్వాంగ్ మాస్టారు రాశాడు. 'పాఠమనునది పఠనమునకు సహాయక సామగ్రి మాత్రమే. అది అందనందువలన ఎవరికినీ నష్టము కలుగలేదు.' రాసి, చదువుకుని, వాక్యం నడక బాగుందని సంతోషించాడు కూడా. ఆయన పతనంలో ఈ సంతోషం ముఖ్యమైన ఘట్టం.

మర్నాడు చియూయే ఆయన గదికి వచ్చింది.

"మాస్టారూ, నష్టం కలగనివాళ్లలో నేను కూడా ఉన్నానా?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "నువ్వు కూడా ఏదో ఒకటి పెట్టాల్సిందమ్మా. అందరూ పెట్టారుగా."

"మా డిపార్టుమెంటులో కింద నేల చూడకుండా స్తంభానికి లెక్క వేస్తే సున్నా వేస్తారు మాస్టారూ. నాకు అదే అలవాటు."

"ఉద్యోగం ఏమన్నా వచ్చిందా?"

"ఛాంగ్షా నగరంలో వంతెనల ఆఫీసులో. పట్టా తెస్తేనే చేర్చుకుంటారు. జూలై దాకా చూస్తామన్నారు."

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని లేచాడు. పాంగ్ దగ్గరికి వెళ్లి బతిమాలాడు. మానవతా దృక్పథంతో ఆ అమ్మాయికి విడిగా పరీక్ష పెట్టడానికి కేంద్రం ఒప్పుకుంది, సహాయక సామగ్రితో సహా.

పరీక్ష మాస్టారి గదిలోనే జరిగింది. దక్షిణ చైనాలో గదులకు వేడి ఏర్పాటుండదు, చలికి గోడలు కూడా వణుకుతున్నాయి. బల్ల కింద చిన్న కరెంటు కుంపటి పెట్టి, దాన్ని అమ్మాయి కాళ్ల వైపు జరిపి, ఆయన ఎదురుగా కూర్చున్నాడు. చియూయే వేలు పెట్టి వరుస వరుసా చదువుతోంది. ఒక చోట నవ్వింది. ఇంకో చోట ఆగి కిటికీలోంచి బయటికి చూసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో పరీక్షలో పాఠం చదివి ఒకరు నవ్వడం ఆయన చూడలేదు. ఏ పాఠమా అని మెడ సాచి చూశాడు. మిసెస్ పార్కర్ పాఠం.

ఆ పాఠానికో కథ ఉంది. అచ్చయిన పాఠాలు తీసుకుంటే పిల్లలు ఫోనులో వెతికి పట్టుకుంటున్నారని, ఒక ఏడాది ఆయనే రహస్యంగా ఒకటి రాశాడు. నది ఒడ్డున టోఫు (సోయా పన్నీరు) అమ్మిన తన నాయనమ్మ కథ. టోఫు కొట్టును రొట్టెల దుకాణం చేసి, నాయనమ్మను మిసెస్ పార్కర్‌గా ఇంగ్లండుకు పంపి, రచయిత పేరు మార్టిన్ కింగ్ అని పెట్టాడు. వరదలో దుకాణం మునిగింది. ముసలామె మర్నాడే తిరిగి వెళ్లి తెరిచింది. నిజానికి వరద రోజున నాయనమ్మ తన తమ్ముడి ఇంటికి వెళ్తే అతను తలుపు తియ్యలేదు. అదీ ఆయన రాశాడు గానీ, ఉపసంఘం కుటుంబ సామరస్యం దృష్ట్యా పాఠంలోంచి తమ్ముణ్ని కొట్టేసింది. మిగిలినదాన్ని మాత్రం, చైనావాడు ఏడు జన్మలెత్తినా ఇలాంటి ఆంగ్లం రాయలేడని మెచ్చుకుంది. (అదే సమావేశంలో క్వాంగ్ మాస్టారి ఆంగ్లంలో తడబాటు ఉందని, మార్టిన్ కింగ్‌ను చూసి నేర్చుకోవాలని సలహా ఇచ్చారు. ఆయన నేర్చుకుంటానన్నాడు.)

మిసెస్ పార్కర్ ఎందుకు తిరిగి వెళ్లిందన్నది ప్రశ్న. సి: తన రొట్టెలు కొనేవాళ్లంటే ఆమెకు ఎనలేని ప్రేమ కాబట్టి. ఇదే సరైన జవాబు. బి: ఆమెకు పోవడానికి వేరే చోటు లేదు కాబట్టి. ఇది ముస్తాబు చేసిన తప్పు. నిజంగా జరిగినదాన్ని మించి మనిషిని లాగే తప్పు లేదని అనుభవంతో తెలుసుకుని, ఆయన నిజాన్నే అక్కడ పెట్టాడు.

చియూయే బి పెట్టింది. ఆ ఒక్క ప్రశ్నతో పాసు మార్కుల గీత దాటలేకపోయింది.

"బి ఎందుకు పెట్టావమ్మా?" అన్నాడాయన.

"గడప మీద బురద ఊడ్చి, వీధికి అటూ ఇటూ చూసింది అని ఉంది కదా మాస్టారూ. పోవడానికి చోటున్న మనిషి అయితే ముందు అక్కడికి పోతుంది. ఊడవడం తరవాత."

ఆ వాక్యాన్ని ఉపసంఘం మర్చిపోయి వదిలింది కాదు. పాఠం నిడివి సరిపోవాలని ఉంచింది.

క్వాంగ్ మాస్టారు ఆ సాయంత్రమే పాంగ్ ముందు నిలబడ్డాడు.

"బి కూడా సరైనదేనండీ."

"రచయిత ఎవరో ఇంగ్లండు మనిషి. ఆయన మనసులో ఏముందో నీకెలా తెలుసు?"

"రచయితను నేనే. ఆ ముసలామె మా నాయనమ్మ."

పాంగ్ టీ సీసా మూత తీశాడు, ఊదాడు, తాగకుండానే మూత పెట్టాడు. "ఈ మాట ఇంకెవరితోనూ అనకు. మన దగ్గర అన్నిటికన్నా మంచి ఆంగ్లం అదొక్కటే."

అయినా పాంగ్ న్యాయం తెలిసిన మనిషి. ఉపసంఘాన్ని పిలిచాడు. రచయిత పేరు చెప్పకుండా, ఆయన అభిప్రాయం మాత్రం సభ్యుల ముందు పెట్టాడు. రచయిత ఏమనుకున్నాడన్నది ప్రధానం కాదు, పాఠంలో ఏముందన్నదే ప్రధానం అని ఒక కుర్ర సభ్యురాలు గుర్తుచేసింది. ఆ సూత్రం ఆమెకు నేర్పినది క్వాంగ్ మాస్టారే. తలుపు తియ్యని తమ్ముడు పాఠంలో లేడు. తమ్ముడు లేనప్పుడు బి కి ఆధారమేదీ? వీధికి అటూ ఇటూ చూసినది కొనేవాళ్ల కోసమే అయ్యుండవచ్చు.

"సి సరైనదనేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు పాంగ్.

చేతులు లేచాయి. క్వాంగ్ మాస్టారు ఎదురుగా ఉన్న గోడను చూశాడు. నాయనమ్మ చీపురు పట్టుకుని నిలబడ్డట్టనిపించింది. తన నియమం, తన పాఠం, తన సంతకం. తనను తాను కాదనడానికి ఆయనకు తగిన వాదన దొరకలేదు. చెయ్యెత్తాడు. తీర్మానం ఏకగ్రీవం. 'రచయిత వ్యక్తిగత అభిప్రాయమును గౌరవపూర్వకముగా పరిశీలించితిమి. పాఠములో దానికి ఆధారము లేదు.' భాష బాగుండాలని దాన్ని కూడా ఆయన చేతే రాయించారు.

మర్నాడు కాలేజీ భోజనశాలలో బియ్యపు సేమియా గిన్నెల ముందు కూర్చుని, జరిగినదంతా చియూయేకు చెప్పాడు. నాయనమ్మ సంగతీ చెప్పాడు, చెయ్యెత్తిన సంగతీ చెప్పాడు. అమ్మాయి కోప్పడితే బాగుండునని ఆశపడ్డాడు. ఆమె ఊరమిరపకాయలు వేసుకుని కలుపుకుంటూ విన్నది.

"అయితే మీరు కూడా తప్పారన్నమాట," అంది.

"అవునమ్మా."

"వసంతంలో మళ్లీ పరీక్ష ఉంది కదా. అప్పుడు నేనేం చెయ్యాలి?"

మాస్టారు గిన్నె పక్కకు జరిపాడు. తన విద్యంతా ఆ మధ్యాహ్నమే బల్ల మీద పరిచాడు. పాఠం జోలికి పోవద్దు. ముందు నాలుగు జవాబులూ చూడు. పొడుగుదాన్ని అనుమానించకు, ప్రేమించు. హాయిగా ఉన్నదాన్ని పట్టుకో. ముసలివాళ్లు సంతోషంగా ఉంటారు, తేనెటీగలు కష్టపడతాయి, శాస్త్రవేత్తలు మొదట ఆశ్చర్యపోయి తరవాత సలహా ఇస్తారు. నిజంలా అనిపించిందా, దాన్ని వదిలెయ్.

"నిజంలా అనిపించినా?"

"అనిపిస్తే తప్పకుండా వదిలెయ్. అది నేను పెట్టిందే అయ్యుంటుంది."

చియూయే తెలివైన పిల్ల. కొన్ని వారాలు సాధన చేసింది. మొదట్లో చూపు పాఠం మీదికి జారిపోయేది. అరచెయ్యి అడ్డం పెట్టుకుని జవాబులు గుర్తించడం నేర్చుకుంది. వసంతం పరీక్షలో అందరికన్నా ముందు లేచి కాగితం ఇచ్చి వెళ్లిపోయింది. కాలేజీలో ఆమెవే ఎక్కువ మార్కులు. లోతైన పఠనానికి ఆదర్శం అని రాసి, ఆమె ఫొటో గ్రంథాలయం గుమ్మంలో అంటించారు. ఆంగ్ల విభాగానికి ప్రశంస వచ్చింది. పాంగ్ వచ్చి క్వాంగ్ మాస్టారి భుజం తట్టాడు. మాస్టారికి ఆ చెయ్యి చల్లగా తగిలింది.

పట్టా తీసుకున్న రోజున చియూయే వీడ్కోలు చెప్పడానికి వచ్చింది, వాళ్ల అమ్మ ఊరి నుంచి పంపిన పొగబెట్టిన మాంసం సంచీతో. ఛాంగ్షా రైలు మధ్యాహ్నం. మాస్టారు టీ పోశాడు. ఇద్దరూ వంతెనల గురించీ, ఛాంగ్షాలో ఎండల గురించీ మాట్లాడుకున్నారు. ఆయనకు చాలా ఏళ్ల తరవాత ఎవరికైనా ఒక కథ చెప్పాలని, ప్రశ్నలేమీ వెయ్యకుండా ఊరికే చెప్పాలని కోరిక పుట్టింది.

"ఆ తలుపు తియ్యని తమ్ముడున్నాడే," అన్నాడు, "తరవాత ఒక ఏడాది వాడి ఇల్లే వరదలో పోయింది. పిల్లల్ని వెంటేసుకుని మా నాయనమ్మ కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. అప్పుడు ఆవిడ ఏం చేసిందో తెలుసా?"

చియూయే టీ కప్పు కింద పెట్టి, మర్యాదగా, శ్రద్ధగా ఆయన ముఖంలోకి చూసింది.

"ఆప్షన్లు చెప్పండి మాస్టారూ," అంది.