వంకర మురుకు దొరకలేదు

"వినియోగదారుడి నోట వచ్చే సత్యమే మన సంస్థకు శాసనం. అది ఎంత చేదుగా ఉన్నా మింగుతాం."

సోమవారం ఉదయం కోయంబత్తూరు ఆఫీసులో కృష్ణసామి గారు ఈ ప్రకటన చేసినప్పుడు పదకొండుమంది ఉద్యోగులూ చప్పట్లు కొట్టారు. ఆ చేదును మోసుకురావలసింది తనే కాబట్టి మాలిని కాస్త ఆలస్యంగా కొట్టింది.

కృష్ణసామి గారిది మూడు తరాల నూలుమిల్లు కుటుంబం. మిల్లు షెడ్డు సగం ఖాళీ అయ్యాక అందులో మురుకులు, అతిరసాలు, పొడులు చేయించి 'ఇంటిచెయ్యి' అనే ఆన్‌లైన్ అంగడి పెట్టారు. సరుకు బాగుంది. కాని వచ్చినవాళ్లలో సగంమంది సెర్చ్‌లో ఏదో కొట్టి, 'దొరకలేదు' అన్న జవాబు చూసి వెళ్లిపోతున్నారు. వాళ్లు కొట్టినవేమిటో చూస్తే మతి పోతుంది. వంకర మురుకు. పేరు లేని డబ్బా. ఒకటి రెండు మాడినవి.

ఇది పోటీ అంగడివాళ్ల అల్లరని ప్రోగ్రాం రాసినవాళ్లు తేల్చేశారు. కాదేమోనన్న అనుమానంతో కృష్ణసామి గారు, పదిళ్లకు వెళ్లి అడిగి నివేదిక రాయమని మాలినిని పంపారు. ఆ నివేదికకు యజమాని సంతకం పడితే ఆమె ఉద్యోగం ఖాయం. పడకపోతే ఆరు నెలల ప్రొబేషన్‌తోపాటు ఉద్యోగమూ ముగుస్తుంది.

మొదటి ఇల్లు కినత్తుకడవులో, కొబ్బరితోట మధ్య. ఇంటావిడ పాప్పాత్తి.

"అంగట్లో కొనేదా? మా ఇంట్లోనా?" అంది పాప్పాత్తి, మురుకుల పళ్లెం ముందుకు తోస్తూ. "అన్నీ నా చేత్తోనే కన్నా. ఇది ఇప్పుడే చేసిండేది. తిను."

వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది. మురుకుల గొట్టం అటక మీద సాలెగూడు కప్పుకొని నిద్రపోతోంది.

"పిండి ఎట్లా కలుపుతారత్తా?"

పాప్పాత్తి క్షణం ఆలోచించింది. "చేత్తోనే."

పరిశోధన నియమాల ప్రకారం మాలిని ఆమె ఫోను ఆమె చేతికే ఇచ్చింది. "మా అంగడి తెరిచి మీకు కావలసింది వెతకండి. నేనేమీ చెప్పను."

"నాకు ఇదంతా తెలీదు సామీ. మనవరాలు ఏందో పెట్టిండాది" అంటూనే ఉంది. బొటనవేలు మాత్రం సాయంత్రం ఇంటిదారి పట్టిన ఆవులా తిన్నగా మురుకుల పేజీకి చేరుకుంది. పాప్పాత్తి దానివైపు ఆశ్చర్యంగా చూసింది. "ఇది తానుగా వచ్చిండాది, చూడు."

ఏడిళ్లు ఇలాగే గడిచాయి. ఏ ఇంట్లోనూ ఎవరూ ఏమీ కొనరు. మాలిని నోటుపుస్తకంలో సత్యం ఇంకా తెల్లగానే ఉంది, పొట్టలో మాత్రం ఏడు రకాల మురుకులు చేరాయి. అన్నీ ఒకే కొలతలో, ఒకే రంగులో ఉన్నాయి. అన్నీ తమ షెడ్డువే!

ఎనిమిదో ఇల్లు మదురైలో, మాట్టుతావణి దగ్గర. అత్తగారు వెంకటమ్మాళ్ గంటసేపు తన చేతిరుచి గురించి చెప్పింది. కోడలు ఉషా గంటసేపు తలూపింది. మాలిని సెలవు తీసుకుని గేటు దాటాక ఉషా పరుగున వచ్చింది.

"అక్కా, రాసుకోండి. నా పేరు మట్టుకు వద్దు. కూతురింటికి పంపే సీరు తట్టల్లో పెట్టే పలహారం పుట్టింట్లో చేసిందే ఉండాలి గదా? సంబంధి ఇంటి ఆడవాళ్లు ఒక్కొక్కటీ ఎత్తి చూస్తారు. మీ మురుకులు పోలీసు పరేడు మాదిరి నిలబడతాయి. చూడగానే అంగడిదని కనుక్కుంటారు. కొంచెం వంకర ఉండాలి, రెండు మాడి ఉండాలి. డబ్బా మీద మీ పేరు ఉండగూడదు. అంతే. మా అత్తకు చెప్పొద్దండి."

మాలిని బస్టాండు చేరేలోగా ఫోను మోగింది.

"వెంకటమ్మాళ్ మాట్లాడతా ఉండాను. మీ అంగట్లో వంకర మురుకు ఎప్పుడు పెడతారమ్మా? మా కోడలికి తెలీగూడదు, అది నన్ను చూసి నేర్చుకుంటా ఉండాది."

మిగిలిన రెండిళ్లూ ముగించుకుని, శుక్రవారం మాలిని పేర్లేవీ లేకుండా సత్యాన్ని అందరి ముందూ చదివింది. సెర్చ్‌కు ఏ జబ్బూ లేదు, జనం అడిగే సరుకే మన దగ్గర లేదు, దాన్ని చేయించి ఆ మాటలకు దొరికేలా పెట్టాలి అని ముగించింది.

కృష్ణసామి గారి ముఖం మిరపపొడి డబ్బా రంగుకు తిరిగింది.

"ఏమ్మా మాలిని, మన ఇళ్ల ఆడవాళ్లు అబద్ధం చెప్తారనా నువ్వు రాసింది? మా ఇంటావిడ భాగ్యం నిన్నంతా పొయ్యి ముందే ఉండాది. ఇట్లాంటి మాటలు మర్యాదస్తులు కొట్టరు. దీని కింద నేను సంతకం పెట్టను."

"సార్, ఒక్కసారి మీరే వెతికి చూడండి" అంది మాలిని.

"చూపిస్తాను ఉండు" అని ఆయన తన లాప్‌టాప్‌ను గోడమీది తెరకు కలిపి, సెర్చ్‌లో 'మురు' అని కొట్టారు. ఆ ఖాతాలో ఇదివరకు వెతికినవన్నీ మర్యాదగా వరుసకట్టి కిందికి దిగాయి.

మురుకు వంకరది.
మురుకు పేరు లేని డబ్బా.
మురుకు మాడినవి రెండు చాలు.
మురుకు తిరుమంగళం సంబంధులు కనుక్కోలేనిది.

పదకొండుమందీ ఫ్యానువైపు చూశారు. కృష్ణసామి గారి కూతుర్ని ఇచ్చింది తిరుమంగళంలోనే.

"ఈ ఖాతా..."

"మీ ఇంటిది సార్" అంది మాలిని మెల్లగా.

ఆయన లాప్‌టాప్ మూసి, అందరినీ కాఫీకి పంపి, మాలినిని మాత్రం ఉండమన్నారు. చాలాసేపు బల్లమీద వేలితో మురుకుల్లాంటి చుట్టలు గీశారు. అన్నీ వంకరగానే వచ్చాయి.

"ఆదివారం కూతురింటికి సీరు పోతుంది. శనివారం లోపల ఇది దొరికేట్టు చేస్తారా?"

"నివేదికకు సంతకం పడగానే మొదలుపెడతారు సార్."

కృష్ణసామి గారు పెన్ను తీసి ప్రతి పేజీ మీదా సంతకం చేశారు. ఉద్యోగం ఖాయమన్న కాగితం మీద కూడా చేశారు. తరువాత నివేదిక మొదటి పేజీకి తిరిగివచ్చి, పైన స్వహస్తాలతో ఒక వాక్యం చేర్చారు.

'ఇందులోని విషయాలు మిగతా కుటుంబాలకు సంబంధించినవి.'