పక్క సీటు పాఠకురాలు

మెట్రోలో పక్కవాళ్ల ఫోన్లోకి తొంగి చూసేవాళ్లకు సాహిత్య పురస్కారాలు ఇవ్వాలని నేను చాలాకాలంగా వాదిస్తున్నాను. నవ్వకండి! శాలువా కప్పి, దండ వేసి, మైకు ముందు నిలబెట్టి మరీ ఇవ్వాలి. వాళ్లే లేకపోతే నోయిడాలో ఉండే సుభాషిణి ఈపాటికి కథలు మానేసి బాల్కనీలో పుదీనా పెంచుకుంటూ ఉండేది.

సుభాషిణిది కాకినాడ. భర్త సదాశివరావుగారు ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వోద్యోగి. ఆవిడ పనిచేసేది గుర్‌గావ్‌లో, ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో. అంటే రోజూ ఒక రాష్ట్రంలో టిఫిన్ చేసి, ఇంకో రాష్ట్రంలో రైలు మారి, మూడో రాష్ట్రంలో లాగిన్ అవ్వాలన్నమాట! ఇది చాలనట్టు అప్పుడప్పుడూ జైపూర్‌కో చండీగఢ్‌కో టూరు.

పోనీ ఇంట్లో కూర్చుని రాద్దామంటే, ఆవిడ పెన్ను తీయగానే కుక్కరుకీ, కాలింగ్ బెల్లుకీ, అత్తగారి వీడియో కాల్‌కీ ఒక్కసారే ప్రాణం వస్తుంది. అందుకని ప్రయాణంలోనే రాయాలని నిశ్చయించుకుంది. రోజుకో పేజీ, ఫోన్లో, లేడీస్ కోచ్‌లో.

ప్రయాణాల్లో రాసే అలవాటు నిలబెట్టుకోవడం ఎలా అని నెట్‌లో వెతికింది కూడా. కిటికీ పక్కన కూర్చోండి, మంచి కాఫీ తెచ్చుకోండి, మనసును తేలికపరచుకోండి అని సలహాలొచ్చాయి. ఆ రాసినవాళ్లెవరూ ఆఫీసు టైములో హౌజ్ ఖాస్ స్టేషన్లో రైలు మారి ఉండరు! అక్కడ మనసు సంగతి తరవాత, ముందు చున్నీ తలుపులో ఇరుక్కుందేమో చూసుకోవాలి.

ఆ రోజుల్లో ఆవిడ రాస్తున్నది వరలక్ష్మి అనే టైపిస్టు కథ. రిటైరైన రోజున ఆఫీసువాళ్ల సన్మానం తప్పించుకుని వరలక్ష్మి ఒంటరిగా ఊరంతా తిరుగుతుంది. తిరిగి తిరిగి బస్టాపుకు చేరింది. అక్కడ ఆవిడకు గుండెపోటు తెప్పిస్తోంది మన రచయిత్రి. సుభాషిణి కథల్లో అందరూ ఏదో ఒకరకంగా పోతారు. ఎవరో ఒకరు పోకుండా కథ ఎక్కడ ఆపాలో ఆవిడకు తెలీదు మరి!

“ఆమెను సంపకుర్రి అక్కా,” అని వినిపించింది చెవి పక్కన.

సుభాషిణి ఉలిక్కిపడి చూసింది. పక్క సీట్లో బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఒక సన్నటి అమ్మాయి. పేరు తేజశ్రీ. ఊరు హుజూరాబాద్. ఢిల్లీలోని కటవారియా సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతోంది. ఖర్చులకోసం గుర్‌గావ్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కు వెళ్లి జవాబు పత్రాలు దిద్దుతోంది.

“మీరు తెలుగువాళ్లా?”

“అవునక్కా. వారం సంది మీ కథ సదువుతున్న. మీరేమో జల్ది జల్ది పైకి జరుపుతరు, సగం సగమే దొరుకుతది.”

“ఇంకొకళ్ల ఫోన్లోకి అలా చూడొచ్చా అమ్మా?”

“తప్పే అక్కా, సారీ. గానీ, నిన్నటిదాంక మంచిగ మెట్లెక్కింది గదా ఆమె? గుండెపోటు ఏడికెళ్లొచ్చింది?”

సుభాషిణికి ఒళ్లు మండిపోయింది. మర్నాడే ఫోనుకు ప్రైవసీ గ్లాస్ వేయించింది. ఎదురుగా చూస్తే తప్ప అక్షరం కనపడదు, పక్కనించి అంతా నలుపే! తేజశ్రీ ఒకసారి చూసి, సంగతి అర్థమై, తల తిప్పుకుని తన పుస్తకం తెరిచింది.

ఇప్పుడు చూడండి, ఏకాంతమంటే అదీ! అంతటి ఏకాంతంలో ఆవిడ ఎంత రాసిందనుకున్నారు? ఒక్క ముక్క రాయలేదు. వరలక్ష్మి బస్టాపులో గుండె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పడిపోదు, నడవదు!

మధ్యలో చండీగఢ్ టూరొచ్చింది. రైల్లో కిటికీ సీటు దొరికింది. కాఫీ కూడా బాగానే ఉంది. నెట్‌లో సలహాలన్నీ అక్షరాలా నెరవేరాయి. అయినా ఒక్క అక్షరం కదల్లేదు. పక్క సీటాయన దారి పొడవునా క్రికెట్ చూసుకున్నాడు. మర్యాదస్తుడు, ఇటు కన్నెత్తి చూడలేదు. ఒక్కసారి చూస్తే ఆయన సొమ్మేం పోయింది? సుభాషిణికి ఆయన మీద ఎక్కడలేని కోపం వచ్చింది. గోటితో గీకి గీకి ఆ గ్లాసు పీకి పారేసింది.

ఢిల్లీ వచ్చాక, తేజశ్రీ రైలెక్కగానే తనే పక్కకు జరిగి చోటిచ్చింది.

“సరే, వరలక్ష్మి చచ్చిపోదు. మరేం చేస్తుంది?”

“నాకేమెరుక అక్కా? మీరు రాయుర్రి, నేను సూస్త.”

సుభాషిణి రాసింది. వరలక్ష్మి గుండె మీంచి చెయ్యి తీసి, వచ్చిన బస్సెక్కి, మ్యాట్నీకి వెళ్లి, మొదటిసారి బాల్కనీ టికెట్టు కొనుక్కుంది. తేజశ్రీ ఆ పేరా అయ్యేదాకా లేవలేదు. దిగాల్సిన స్టేషను దాటిపోయింది. ఏ పురస్కారం సాటి వస్తుంది చెప్పండి దీనికి!

కథ ఒక ఆదివారం వెబ్ పత్రికలో వచ్చింది. సుభాషిణి ఫ్యామిలీ గ్రూపులో లింకు పెట్టీ పెట్టకముందే చప్పట్లు, పూలగుత్తులు, “సూపర్ వదినా!”లు వరదలా వచ్చిపడ్డాయి. ఆ వేగంతో చదవగలిగితే మనవాళ్లు ఏటా సివిల్స్‌లో మొదటి ర్యాంకు కొట్టాలి!

కొడుకు జశ్వంత్ అమ్మను వాటేసుకున్నాడు. “ప్రౌడ్ ఆఫ్ యూ మమ్మా! పర్ ముఝే తెలుగు పఢ్‌నా నహీఁ ఆతా నా. ఆడియో నహీఁ హై క్యా?” తెలుగు చదవడం రాదట, ఆడియో ఉంటే వింటాడట!

సదాశివరావుగారు దోసె తుంచుతూ, “చదివాను. అద్భుతంగా ఉంది,” అన్నారు.

“చివర ఎలా ఉందండీ?”

“పాపం, పోయింది కదా! నాకైతే కళ్లనీళ్లు ఆగలేదనుకో.”

సుభాషిణి ఆయనకు ఇంకో దోసె వేసింది.

సోమవారం తేజశ్రీ రుసరుసలాడుతూ రైలెక్కింది. “అక్కా, మొదట్ల ఆమెకొక చెల్లె ఉండె గదా? సన్మానానికి పెద్దపల్లి నుంచి వస్తున్న అని ఫోన్ జేసింది. ఆ చెల్లె ఏమాయె? ఈమె సినిమాల కూసుంటె, పాపం ఆమె ఆఫీసుకాడ ఎదురుచూస్తనే ఉన్నదా?”

సుభాషిణి ఫోన్లో కథ మొదలు తీసి చూసుకుంది. చెల్లెల్ని పూర్తిగా మరిచిపోయింది. సంపాదకుడూ గమనించలేదు, చప్పట్లు కొట్టిన చుట్టాలెవరూ గమనించలేదు. సిగ్గుతో మొహం ఎర్రబడింది. ఆ వెంటనే, అంతమంది మధ్య, పెద్దగా నవ్వేసింది. ఆవిడ కథను ఎవరో నిజంగా చదివారు!

తెలుగు బతకాలని సభలు పెట్టే పెద్దలకు నాదొక మనవి. మా కథలకు చప్పట్లు వద్దు, పూలగుత్తులు అసలే వద్దు. దయచేసి ఒక్కసారి తొంగి చూడండి.