వంగ మొక్కకు కాసిన టమాటాలు

మా మేడ మీద ఒక హరితగృహం వెలసిందని పాఠక మహాశయులకు తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను. తెలిసినవాళ్ళు దాన్ని గ్రీన్‌హౌస్ అంటారు. మా ఆవిడ ‘ఆ గుడారం’ అంటుంది. మా అత్తగారు ఏమీ అనరు. ఒకసారి దానివైపు, ఒకసారి నావైపు చూసి, ఎవరి మీద జాలిపడాలో తేల్చుకోలేక కిందికి దిగిపోతారు.

నేను ప్రజాఫిర్యాదుల కార్యాలయంలో పర్యవేక్షకుణ్ణి. పుట్టి బుద్ధెరిగాక మట్టి ముట్టుకున్న పాపాన పోలేదు. అయితే ఫోనులో వీడియోలు చూశాను. వాటిలో మనుషులు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, చిరునవ్వు చెదరకుండా, బుట్టలకొద్దీ టమాటాలు కోస్తుంటారు. వ్యవసాయమంటే చొక్కా నలగని పని అని నాకు రూఢి అయిపోయింది.

గ్రీన్‌హౌస్ మొక్కలకు వెచ్చదనం ఇస్తుందని ఆ వీడియోలన్నీ ముక్తకంఠంతో చెప్పాయి. మా మేడ మీద మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి.

“ఎండ చాలడం లేదని మొక్కలేమైనా మీ ఆఫీసుకి అర్జీ పెట్టుకున్నాయా?” అని మా ఆవిడ అడిగింది.

ప్రగతికి అడ్డొచ్చే ప్రశ్నలకు జవాబివ్వకపోవడం మా కార్యాలయ సంప్రదాయం. ఇవ్వలేదు.

బట్టలారేసే తాళ్ళు విప్పించాను. ఆ రోజు నుంచి తడిబట్టలు వంటింట్లో ఆరుతున్నాయి. కూరలో సబ్బు వాసన, చొక్కాల్లో పోపు వాసన సమపాళ్ళలో కుదిరాయి. ప్లాస్టిక్ గొట్టాలు నిలబెట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పాను. మొదటి గాలికే కట్టడం మొత్తం లేచి ఎదురింటి మేడ మీద వాలింది. ఎదురింటి పళ్ళ డాక్టరుగారు దాన్ని మర్యాదగా మడతపెట్టి తెచ్చిచ్చారు. ‘గాలికి నిలిచే శక్తిని పరీక్షిస్తున్నాం’ అని చెప్పాను. ఆయన తల పంకించారు. చదువుకున్నవాళ్ళతో ఇదే సుఖం.

రెండోసారి ఇటుకలు పేర్చి కట్టాను. టమాటా విత్తనాలనుకుని ఒక పొట్లం, వంకాయ విత్తనాలనుకుని ఇంకో పొట్లం చల్లాను. మొలకలొచ్చాయి! ఆ ఉత్సాహంలో ఆఫీసులో, వీధిలో, చివరికి మంగలి షాపులో కూడా, త్వరలో మా పంట చూడబోతారని ప్రకటించేశాను. మొక్కలతో మాట్లాడితే బాగా పెరుగుతాయని ఎవరో చెబితే, రోజూ లోపల కూర్చుని వాటికి ఉత్సాహం కలిగించే ఉపన్యాసాలిచ్చాను. వేడికి నా చెమట, నేను పోసే నీళ్ళు కలిసి కుండీలు పొంగి పారేవి.

ఒకనాడు మా అత్తగారు తలుపు దగ్గర నిలబడి, “అల్లుడుగారూ, లోపల ఏదో ఉడుకుతున్న వాసనొస్తోందండీ” అన్నారు.

ఉడికినవి మొక్కలే. వేళ్ళు కుళ్ళి, ఆకులు వాడి, మూడంటే మూడు మిగిలాయి. అవీ బతకాలన్న కోరికతో కాక, చావడానికి ఓపిక లేక నిలబడ్డట్టున్నాయి.

సరిగ్గా అప్పుడే, వచ్చే ఆదివారం పంటను సందర్శిస్తున్నామని మా వీధి సంఘం అధ్యక్షులవారు కబురు చేశారు. ఆయన్ని మేమంతా మైకుగారు అంటాం. మైకు లేకపోయినా ఆయన ఉపన్యాసం ఆగదు.

పరువు ముఖ్యమా, నిజం ముఖ్యమా అని ఆలోచించాను. ఆలోచనకు పెద్దగా సమయం పట్టలేదు. ఎవరూ ఎరగని దూరపు మార్కెట్టుకు వెళ్ళి, నిగనిగలాడే టమాటాలు కొనుక్కొచ్చి, ఆకుపచ్చ దారంతో మొక్కలకు కట్టడం మొదలుపెట్టాను. మా ఆవిడ ఎప్పుడొచ్చిందో, వెనక నిలబడి ఉంది.

“ఏవండీ, అవి వంగ మొక్కలు” అంది.

చేతిలోని దారం వదిలేశాను. “వచ్చేవాళ్ళకి తెలిసిపోతుందంటావా?”

“పెంచిన మీకే తెలియలేదు. వాళ్ళకెలా తెలుస్తుంది?”

నన్ను ఇంత బాగా అర్థం చేసుకున్న మనిషి లోకంలో ఇంకొకరు లేరు.

ఆదివారం మైకుగారు సపరివారంగా విచ్చేశారు. వంగ మొక్కకు కాసిన టమాటాలను చూసి పరవశించిపోయారు. ఇంతలో నా ముడి వదులై ఒక పండు ఆయన కాళ్ళ దగ్గర పడింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన దాన్ని తీసి పైకెత్తి పట్టుకున్నారు.

“చూశారా! పక్వానికి రాగానే తనంతట తానే రాలింది. ఒకరు చెప్పారా? ఒకరు కోశారా? ఇదీ క్రమశిక్షణంటే! ఈ పండుని చూసి యువత నేర్చుకోవాలి!”

చప్పట్లు మోగాయి. నేను వినయంగా తల వంచుకున్నాను. నవ్వు కనబడకుండా ఉండడానికి వినయాన్ని మించిన సాధనం లేదు.

ఆ తర్వాత మా వీధిలో మేడమేడకూ హరితగృహం లేచింది. ఎవరి వంటింట్లో చూసినా తడిబట్టలే. నన్ను వీధి వ్యవసాయ సలహాదారుగా నియమించారు. ‘నీళ్ళు ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా పోయండి’ అని అందరికీ సలహా ఇచ్చాను. రెండు మూడు నెలలకు పంటలు పరిశీలించమని పిలుపులొచ్చాయి. వాళ్ళకు నిజంగా పండితే నా గతేమిటి?

ముందు పళ్ళ డాక్టరుగారింటికి వెళ్ళాను. టమాటాలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే, పళ్ళ సందులు శుభ్రం చేసుకునే సన్నటి దారంతో కట్టి ఉన్నాయి. ఆ ముడులు ఎంత నాజూకుగా ఉన్నాయంటే, నా పనితనానికి సిగ్గేసింది. ఆయన నన్ను చూశారు. నేను ఆయన్ని చూశాను.

“మట్టి మంచిదండీ” అన్నారాయన.

“మరే, మట్టిలోనే ఉందంతా” అన్నాను నేను.

దర్జీ గారింట్లో తొడిమలను కొమ్మలకు అతుకు తెలియకుండా కుట్టేశారు. ఎలక్ట్రీషియన్ గారు ఇన్సులేషన్ టేపు చుట్టారు. అన్నిచోట్లా అద్భుతమన్నాను. అందరూ నా అనుభవాన్ని మెచ్చుకున్నారు. ఒకరి గుట్టు ఒకరి గుప్పిట్లో ఉండడంతో వీధిలో ఇంతకు ముందెన్నడూ లేని ఐకమత్యం వెల్లివిరిసింది.

ఆ ఐకమత్యాన్ని పురస్కరించుకుని మైకుగారు ఉత్తమ పంట పోటీ పెట్టారు. ప్రధాన న్యాయనిర్ణేతను నేనే. సభలో బల్లల నిండా అచ్చుగుద్దినట్టు ఒకే సైజు టమాటాలు. చివరి బల్ల దగ్గర మా అత్తగారు నిలబడి ఉన్నారు. పోటీకి వస్తున్నట్టు నాతో మాట మాత్రం అనలేదు! పెరట్లో అంట్లు తోమే చోట, పగిలిన బకెట్టులో, ఎప్పుడో టమాటా గింజలు పడేశారట. మొలిచిన మొక్కకు ఒకే ఒక్క కాయ కాసింది. చిన్నది, వంకరది, ఒక చెంప ఇంకా పచ్చిగానే ఉంది; పిట్ట పొడిచిన గాటొకటి.

సభ్యులు గుసగుసలాడుకున్నారు. పళ్ళ డాక్టరుగారు గొంతు సవరించుకుని, “మన వీధిలో ఇలాంటి కాయ ఎక్కడా కాయలేదు. బయట కొనుక్కొచ్చి ఉంటారని నా అనుమానం” అన్నారు.

“సహజత్వం లోపించింది” అన్నారు దర్జీ గారు.

మైకుగారు నావైపు తిరిగారు. ముందు వరసలో మా ఆవిడ కూర్చుని నన్నే చూస్తోంది. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. నోరు తెరిచాను. బల్లలన్నిటి వెనకా నిలబడ్డ నా సోదర రైతుల ముఖాలు చూశాను.

“నియమావళి ప్రకారం ఈ కాయ పోటీకి అనర్హం” అన్నాను.

చప్పట్లు మోగాయి. మొదటి బహుమతి పళ్ళ డాక్టరుగారికి దక్కింది.

ఇంటికి నడుస్తుంటే మా ఆవిడ నాలుగడుగులు ముందే నడిచింది. మా అత్తగారే నా పక్కకొచ్చి, “బాధపడకండి అల్లుడుగారూ. మీరు మాత్రం ఏం చేస్తారు? పండించింది నేనొక్కదాన్నేనాయె” అన్నారు.

ఇంటికెళ్ళాక ఆ కాయ మూడు ముక్కలు కోసి, ఒకటి నా చేతిలో పెట్టారు. పుల్లగా, కాస్త వగరుగా, ఎండ వాసనతో ఉంది. అలాంటి రుచి నేనెరగను. ఇంకో ముక్క అడగడానికి మొహం చెల్లలేదు.

నన్ను చూసి మీరు నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వండి. కానీ ఆ రోజు సభలో మోగిన చప్పట్లు చెవులారా విన్నవాణ్ణి. అంత మోత మా ఒక్క వీధివాళ్ళు కొడితే వచ్చేది కాదు; మీ చేతులూ కలిసే ఉండాలి.