ఇమ్మాను పేరు కనపడకూడదు

ఆ సోమవారం ప్రవీణ్‌కుమార్ వేసుకున్న ప్లాను చిన్నదే. పదింటిలోపు కూలీల గేట్‌పాసుల జాబితా స్టీల్‌ప్లాంటుకి పంపేసి, వేడి సమోసా తిని, మిగతా పొద్దంతా తీరిక లేనట్టు కనబడటం.

భిలాయిలో సూర్యారావు లేబర్ కాంట్రాక్టు ఆఫీసుకి కంప్యూటరు మనిషి ఇప్పుడతనే. శనివారం దాకా ఇమ్మాను ఉండేవాడు. మానేసి, రోడ్డవతల సూర్యారావు బావమరిది పైడిరాజు ఆఫీసులో చేరాడు. "ఆడి పేరు నాకు కనపడకూడదు" అన్నాడు సూర్యారావు. ప్రవీణ్ మాట జవదాటే రకం కాదు. తాళాల మేకు మీద ఇమ్మాను పేరున్న చీటీ పీకాడు, టీ గ్లాసు మీద రంగుతో రాసిన పేరు గీకాడు, ఆ ఊపులోనే సర్వర్లో ఇమ్మాను లాగిన్ తుడిచేశాడు.

సోమవారం కూలీల పేర్లున్న డేటాబేస్ తెరుచుకోలేదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కనపడటం లేదంది. తన సామాను ఏ ఫోల్డర్లో ఉందో దానికి చెప్పే గుర్తులవి. ఇమ్మాను వాటిని తన లాగిన్‌లోనే పెట్టుకున్నాడు. లాగిన్‌తో పాటే అవీ పోయాయి.

"ఏటయింది?" అన్నాడు సూర్యారావు.

"కొన్ని సెట్టింగులు మాయమైపోనాయి సార్."

"మాయమైపోనాయా, ఆడు మాయం చేసినాడా?"

నిజం ప్రవీణ్ నాలుక చివరిదాకా వచ్చింది. పాసులు వెళ్లకపోతే కూలీలు గేటు బయట, కాంట్రాక్టు పోతే తను ఆఫీసు బయట. "ఏమో సార్" అన్నాడు.

ఆ ఏమో రోడ్డు దాటింది. సూర్యారావు పైడిరాజుకి ఫోన్ చేసి, "నీ మనిషి దొంగ" అన్నాడు. పైడిరాజు తన అక్క కనకలతకి ఫోన్ చేసి, "బావ నన్ను దొంగన్నాడు" అన్నాడు. రోజూ భర్తకి టిఫిను తెచ్చే కనకలత ఉత్తి చేతులతో వచ్చింది. అప్పటికి సూర్యారావు పోలీసు థానాకి బయల్దేరుతున్నాడు.

"నడు ప్రవీణ్. సాక్షివి నువ్వే."

ప్రవీణ్ కాళ్లకి చెప్పులు దొరకలేదు.

కనకలత ఇమ్మానుకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. "ఏటి చేసినావు బాబూ?"

"నానేటి చేస్తానమ్మా. ప్రవీణ్ భయ్యా, నా లాగిన్ ఉందా?"

ప్రవీణ్ తలెత్తి ఫ్యాన్‌కేసి చూశాడు.

"పేరు కనపడకూడదని సారే కదా అన్నారు" అన్నాడు ప్రవీణ్, ఫ్యాన్‌తో.

కనకలత బల్ల మీద గీకిన గ్లాసు చూసి, మొగుడికేసి తిరిగింది. "టీ గ్లాసు కూడా గీకించీసినారా? బాగుంది."

"నా పేరుతోనే మళ్లీ లాగిన్ తెరు భయ్యా. ఏటేటి పెట్టాలో నాను చెప్తాను" అన్నాడు ఇమ్మాను.

"ఇంకో పేరు పెట్టడానికి నేదా?" అన్నాడు సూర్యారావు.

"ఉంది సార్. ఫోల్డర్లన్నీ నా పేరు మీదున్నాయి, మార్చీసరికి సాయంత్రమైపోద్ది."

సూర్యారావు గడియారం చూసి, చెప్పులు విప్పి కూర్చున్నాడు.

పాసులు వెళ్లాయి. కూలీలు గేటు దాటారు. ప్రవీణ్ ఉద్యోగం కూడా ఉంది, సమోసా మాత్రం చల్లారిపోయింది. ఇక ఎవర్నీ నమ్మేది లేదని ఆ లాగిన్ పాస్‌వర్డు సూర్యారావు తన దగ్గరే పెట్టుకున్నాడు. అందుచేత ఇప్పుడు రోజూ పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, అగరొత్తి వెలిగించి, ఇమ్మాను పేరు ఆయనే స్వయంగా టైపు చేస్తున్నాడు.